ఎడమ కాలి సాక్ష్యం

బెంగళూరు నుంచి అక్క బస్వమ్మ, నారాయణఖేడ్‌లో ఉన్న తమ్ముడు సంగప్పకు రాయిస్తున్నది.

నువ్వు, మరదలు నాగమ్మ, కొడుకు, కోడలు శ్రీలత, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. మోకాళ్లకు నూనె పట్టించుకుంటున్నావా, మానేశావా? బర్రె ఈనిందా? దూడ ఏది? కంది పూత మీద ఉండగా మబ్బు పట్టిందని నా కొడుకు వీరేశం చెప్పాడు. పురుగు పడిందో లేదో మాత్రం చెప్పలేదు. వాడికి సగం మాట మింగే అలవాటు ఉంది కదా. ఇవన్నీ ముందే అడుగుతున్నాను, తర్వాత అడిగే మనసు నాకు ఉండదు. నీ మంచి కోరే అక్కనే. కానీ ఈ ఉత్తరం నిన్ను నిలదీయడానికి రాయిస్తున్నాను.

ఫోన్ చేస్తే అయిపోయేది కదా అంటావు. మాట నీ మీదికి వస్తోందని తెలియగానే "హలో, హలో, వినస్తలేదక్కా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయడానికి వీల్లేదు. శ్రీలతను కూర్చోబెట్టి, పొయ్యి దగ్గరున్న నాగమ్మకు వినబడేంత గట్టిగా చదివించుకో. మధ్యలో బీడీ కోసమని లేచి బయటికి పోవద్దు.

దీన్ని రాస్తున్నది మా కింది అంతస్తులో ఉండే సరోజ టీచరమ్మ. అనంతపురం ఆమె, బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. నేను మన మాటలో చెబుతుంటే ఆమె పుస్తకం భాషలో పెడుతోంది. నా మాట ఎంత దిద్దినా ఊరుకుంటాను గానీ, ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను.

ఈ ఊరు వచ్చి పది నెలలైంది. ఎండ లేదు, చలి లేదు, పొద్దంతా ఏడవబోయే పిల్ల ముఖం లాగా ఆకాశం. దొరికే జొన్నపిండి పాతది, రొట్టె కొడితే అంచులన్నీ చీలుతాయి. నువ్వు వచ్చేటప్పుడు మన తెల్ల జొన్నలు పట్టించి ఐదు కిలోల పిండి తేవాలి. నువ్వు వస్తావు, ఎందుకో తర్వాత చెబుతాను. కూరగాయలామె నా కన్నడం విని నవ్వుతుంది. "ఏ ఊరజ్జీ నీది, మాటలో సగం తెలుగే" అంటుంది. ఆమె నవ్వినా నాకు సంతోషమే. రోజులో నాతో మాట్లాడేది ఆమె, టీచరమ్మ, అంతే. ఎదురింటి తలుపు ఎప్పుడు తీస్తారో ఎప్పుడు వేస్తారో నాకు ఇంతవరకు తెలియదు. అయినా నాకేం లోటు లేదు. బాగానే ఉన్నాను. తిండి తింటున్నాను, కళ్లు బాగానే కనబడుతున్నాయి. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. బెంగ కావేరి గురించి పెట్టుకో.

వీరేశం కూతురు, నా మనవరాలు కావేరి చేసే పని ఏమిటో మన వాళ్లకు సరిగా తెలియదు. "బంతాట ఆడితె జీతమిస్తరా వదినె" అని నాగమ్మ నవ్వింది కదా, ఇస్తారు. పెద్ద క్లబ్బు. మా ఇద్దరికీ ఉండటానికి ఒక గది ఇచ్చారు. చెక్క నేల మీద ఇటు నుంచి అటు ఉరికి, ఎగిరి, బంతిని ఎత్తున కట్టిన వలలో వేయాలి. నీ ఇంట్లో ఉండి ఖేడ్ బడిలో నేర్చుకున్న ఆటే. కాకపోతే అక్కడ ఆట, ఇక్కడ కొలువు.

కొలువు కాబట్టి ఒంటికి లెక్క ఉంటుంది. పొద్దున లేవగానే ఆటగత్తెలంతా ఫోన్లో ప్రశ్నలకు జవాబు పెట్టాలి. ఎంతసేపు పడుకున్నావు, ఒళ్లు నొప్పులున్నాయా, అలసట ఎంత, మనసెట్లా ఉంది, నెలసరి వచ్చిందా. ఒక్కోదానికి పదిలో ఎంతో అంకె వేయాలి. ఆట అయ్యాక ఆ రోజు పని ఎంత బరువనిపించిందో దానికీ ఒక అంకె. బాగుంటే పచ్చ గుర్తు, బాగలేకపోతే ఎర్ర గుర్తు. ఆడేటప్పుడు నడుముకు ఒక బెల్టు కడతారు. అందులో అగ్గిపెట్టెంత యంత్రం ఉండి ఎన్నిసార్లు ఎగిరారు, ఎంత ఉరికారు అన్నీ పట్టుకుంటుంది. ఇవన్నీ చూసుకుని ఎవరు ఎంత ఆడాలో, ఎవరు ఆ పూట కూర్చోవాలో చెప్పే పిల్ల ఒకతె ఉంది. పేరు రీనా, మలయాళం పిల్ల. ఆటగత్తెల ఒళ్లు చూసుకోవడమే ఆమె ఉద్యోగం.

ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కన్నడంలో చెప్పింది. పోయిన నెలంతా ఎంత మోశారో దాన్ని బట్టే ఈ వారం పెంచాలట. ఉన్నట్టుండి రెట్టింపు చేస్తే కండ ఓర్చుకున్నా ఎముక ఓర్చుకోదట. నేను నవ్వాను. దీనికి ఇంత చదువు కావాలా? మన నాయిన కొత్త కోడెకు కాడి కట్టినప్పుడు ఏం చేసేవాడు, గుర్తు తెచ్చుకో. మొదటి దినం ఉత్త కాడి మెడ మీద పెట్టి ఊరంతా తిప్పేవాడు. తర్వాత తేలిక నేల, చల్కలో నాలుగు సాళ్లు. నల్లరేగడిలోకి దించడానికి నెల పట్టేది. పొద్దున్నే కొట్టంలోకి పోయి మేత ముట్టిందా, నెమరు వేస్తోందా చూసేవాడు. ఎద్దుకు నోరు లేదు కాబట్టి మనిషి చూసుకోవాలి. ఈ పిల్లలకు నోరుంది. అదే వచ్చిన చిక్కు. నోరున్నది కాబట్టి అబద్ధం చెబుతారు.

ఎందుకు చెబుతారంటే, వాళ్లకో కోచ్ ఉన్నాడు. వాడి పేరు ఈ కాగితం మీద పెట్టించను. మెడలో పొద్దస్తమానం ఈల వేలాడుతుంది కాబట్టి నేను ఈలగాడంటాను. టీచరమ్మ ముఖం చిట్లిస్తోంది. రాయమన్నాను.

వాడు తెలుగువాడే. మొదటి రోజే "అవ్వా, నేను మీ దిక్కోన్నే" అని కాళ్లకు మొక్కాడు. నేను నమ్మి రొట్టె, పల్లికారం పెట్టాను. నా చేతిని నేనే కొట్టుకోవాలి. ఎర్ర గుర్తు పెట్టిన పిల్లలను పొద్దున్నే అందరి ముందు నిలబెట్టేవాడు. "ఇయ్యాల ఎర్రగ వెట్టిన రాణులు ఎవ్వరు? లెవ్వుండ్రి. పాపం, సుకుమారులు! బెంచీ మీద కూసొని అరటిపండ్లు తినుండ్రి" అనేవాడు. ఆ తర్వాతి మ్యాచులో వాళ్లను ఆడనిచ్చేవాడు కాదు. రెండు వారాలకే అందరి గుర్తులూ పచ్చబడ్డాయి. నిద్ర లేని పిల్ల పచ్చ, కడుపునొప్పి పిల్ల పచ్చ. ఫోనంతా వానాకాలం చేను లాగా ఉండేది.

సాయంత్రం ఐదింటికి రీనా ఇంటికి పోతుంది. ఆమె బండి గేటు దాటగానే ఈల మోగేది. "బెల్టులు తీసి గంపలెయ్యుండ్రి. ఇప్పుడు అసలు పని." అప్పటికే పొద్దంతా ఆడిన పిల్లలను ఆ కొసకూ ఈ కొసకూ మళ్లీ ఉరికించేవాడు. ఒకతె వెనకబడితే అందరికీ ఇంకో పది దౌడులు. యంత్రాలు గంపలో పడుకుని ఉండేవి. కాగితం మీద ఆ ఉరుకుడు లేనే లేదు.

నాకెట్లా తెలుసు? నేనక్కడే ఉన్నాను. కావేరికి చల్ల, రొట్టె పట్టుకుపోయి చివరి బెంచీ మీద కూర్చునేదాన్ని. ముసలిది, చదువు లేనిది, దీనికేం తెలుస్తుందని నన్ను ఎవరూ పొమ్మనలేదు. కావేరికి ఉద్యోగం దొరికితే శివుడికి లక్ష వత్తులు వెలిగిస్తానని మొక్కుకున్నాను కదా, పత్తి సంచి వెంట ఉండేది. మోకాలి మీద వత్తి పేనుకుంటూ చూసేదాన్ని. చేతికి ఒక పద్ధతి ఉండాలని, కావేరి ఆ కొసకు పోయి ఈ కొసకు వస్తే ఒక వత్తి చేసేదాన్ని. ఏ పూటవి ఆ పూటకే పాత చీర పేలికలో మూట కట్టేదాన్ని, సోమవారానికి ఒక చీర, మంగళవారానికి ఇంకో చీర. ఒక వారం మూటలన్నీ ఒక దారానికి కట్టేదాన్ని. మొదట ఇది ఆటకే చేశాను. నెల తిరిగేసరికి మూటలు లావెక్కుతున్నాయి. దేవుడి దగ్గర నా మొక్కు జల్దీ తీరుతోందని మురిసిపోయాను, సంగప్పా. నా మనవరాలి ఎముక అరిగిపోతుంటే ముడి వేసి మురిసిపోయాను.

తర్వాత కావేరి కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ఎడమ కాలు. మొదట ఉరికితేనే నొప్పి, తర్వాత మెట్లెక్కితే నొప్పి, ఆ తర్వాత ఊరికే నిలబడినా నొప్పి. ఒక పొద్దున జుట్టు దువ్వుకుంటూ కుడి కాలి మీదే నిలబడి ఉంది, కొంగ లాగా.

"ఏమైందే కాలికి?"

"ఏం గాలే. తిమ్మిరి."

"తిమ్మిరి పది దినాలుంటదా? ఫోన్ల ఏం వెట్టినవ్ ఇయ్యాల?"

"పచ్చ."

"ఎందుకు వెట్టినవే?"

దువ్వెన పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "నువ్వే గదవ్వా చెప్పింది? పనికాడ నొప్పి అని నోట్లకెల్లి రావొద్దని?"

చెప్పాను. లేదని ఎట్లా అంటాను? కర్ణాటకలో చెరుకు కొట్టడానికి పోయిన ఏండ్లు నీకు తెలుసు. నడుము పట్టిందన్న ఆడమనిషిని ముఠా మేస్త్రి మరునాడే లారీ ఎక్కించి ఇంటికి పంపేవాడు. నా వేలు తెగితే పేలిక చుట్టుకుని, చెయ్యి కొంగులో దాచుకుని ఆ వరుస పూర్తి చేశాను. ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. నా పిల్లలకూ వాళ్ల పిల్లలకూ ఉగ్గుతో పాటు అదే పోశాను. మన దిక్కు ఎవరైనా బాగున్నావా అంటే, జ్వరంతో వణుకుతూ కూడా బాగున్న అంటాం కదా. ఆ పిల్ల ఫోన్లో రోజూ పెట్టింది అదే.

ఆ రోజే రీనాకు చెబుతానన్నాను. "వచ్చేది ఫైనల్ అవ్వా, నాలుగు దినాలు ఆగు" అంది. ఆగాను. అది నా రెండో తప్పు.

మూడో రోజు మధ్యాహ్నం మ్యాచులో ఎగిరి కిందికి దిగింది. చప్పుడు నాకు వినబడింది. ఎండిన కందికట్టె కాలి కింద పడితే ఎట్లా విరుగుతుందో అట్లా. మోకాలి కింద ఎముక. పిల్ల అరవలేదు. నేల మీద పడి కూడా "ఏం గాలే, ఏం గాలే" అంటోంది. నేను బెంచీ దిగి పోయేసరికి ఈలగాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మీద దుమ్మెత్తి పోద్దామని వంగాను. మన ఊళ్లో అయితే పిడికెడు మన్ను దొరికేది. ఇక్కడంతా నున్నటి చెక్క. గోళ్లు గీసుకుపోయాయి తప్ప చేతికేమీ రాలేదు. ఆ ఉత్త పిడికిలితోనే శపించాను.

దవాఖానలో డాక్టరు చెప్పాడు, ఎముకలో ముందే సన్నని చీలిక ఉందట. బరువు మీద బరువు పడి చీలింది, చీలిన దాని మీద మళ్లీ ఉరికితే విరిగింది. ఆపరేషన్ చేసి కడ్డీ వేయాలి. చేస్తే మళ్లీ ఆడుతుంది. చేయకపోతే వంకరగా అతుక్కుంటుంది. క్లబ్బులో పని చేస్తూ అయిన దెబ్బ కాబట్టి క్లబ్బే చేయించాలని రీనా రాసి ఇచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది. ఇక నీ సంగతి విను. శ్రీలతా, ఇక్కడి నుంచి మెల్లగా చదువు.

ఆపరేషన్ సంగతి తేల్చడానికి క్లబ్బు మేనేజర్ అందరినీ పిలిచాడు, ఆయనకు తెలుగు కూడా తెలుసు. కావేరి చంక కర్రలతో వచ్చింది. ఈలగాడు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, "ఈ పిల్లకు ఊర్నుంచే పాత దెబ్బ ఉంది సార్, దాచిపెట్టి చేరింది" అన్నాడు. రుజువేమిటని మేనేజర్ అడిగాడు. వాడు ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు. అందులోంచి నీ గొంతు వచ్చింది.

"అరె సారూ, మా కావేరి సంగతి మీకేం ఎర్క! పదేండ్లప్పుడు మనూర్ తొవ్వల బండి మీదికెల్లి కింద వడ్డది. కాలు గింత లావు ఉబ్బింది. ఒక్క మాట అన్లే సారూ! మూడో దినం మల్ల ఉరుకుడే ఉరుకుడు. మా ఇంటి రక్తమే గసొంటిది!"

"గా కాలు మల్ల ఎప్పుడన్న నొచ్చిందా పెద్దమనిషీ?" ఇది ఈలగాడి గొంతు, వెన్న పూసినట్టు.

"నొస్తె మాత్రం చెప్తదా? సచ్చినా చెప్పదు!"

అని నవ్వావు. ఆ నవ్వు కూడా ఉంది అందులో. దగ్గు వచ్చేదాకా నవ్వావు. ఎవరో ఫోన్ చేసి "మీ దిక్కోన్నే" అనగానే నీ గుండె ఉబ్బిపోయింది కదా. ఎందుకు అడుగుతున్నాడు, ఏ కాలు, ఎప్పటి మాట అని ఒక్కటైనా అడిగావా? నీ మనవరాలు మంచాన ఉందని నీకు అప్పటికి తెలియదు, ఒప్పుకుంటాను. కానీ నీ గొప్పే దాని మెడకు ఉరైంది. కావేరి తల వంచుకుని "మా తాత" అని ఒక్క మాట అంది.

మేనేజర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. పాత దెబ్బ దాచితే ఉద్యోగం పోతుంది, ఆపరేషన్ కూడా వాళ్లు చేయించరు. అప్పుడు లేచాను. సంచి విప్పి మూటలన్నీ వాళ్ల అద్దాల బల్ల మీద గుమ్మరించాను.

"ఇదేమజ్జీ? పూజా?" అన్నాడు మేనేజర్.

"పూజ కాదు, మీవోని పాపం. పిల్లలు సాయంత్రాలు ఉరికిన దౌడులు. ఒక్క దౌడుకు ఒక్క వత్తి. మీ కాగితంల సాయంత్రాలు ఉన్నయా?"

ఈలగాడు నవ్వాడు. "ముసల్ది వత్తులు జేసుకున్నది సార్. గివి సాక్ష్యమా? రేపు పిడకలు దెస్తది."

అప్పుడు కావేరి తలెత్తింది. "ఒక శుక్రారం నేను బెల్టు తీసుడు మర్సిపోయిన. సార్ సూసి, గుంజి గంపలేసిండు. అప్పటికి దౌడులన్నీ అయినయి" అంది. రీనా కంప్యూటర్లో వెతికింది. ఆ శుక్రవారం సాయంత్రం యంత్రం తొంభై రెండు దౌడులు పట్టుకుని ఉంది. శుక్రవారానికి నా పచ్చ చీర పేలిక. ఆ వారం మూట తీసి ఇచ్చాను. మేనేజరే తన చేతులతో ఒక్కో వత్తీ పెట్టి లెక్కపెట్టాడు. తొంభై. "రెండు తక్కువొచ్చాయి" అన్నాడు. "నడుమ లేసి నీళ్లు దాగిన" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. ఈలగాడు కిటికీ వైపు చూశాడు.

మేనేజర్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. "అజ్జీ, సాయంత్రాల సంగతి నేను నమ్ముతాను. కానీ పాత దెబ్బ ఇదే కాలికి కాదని చూపాలి. లేకపోతే పైవాళ్లు నీ తమ్ముడి మాటే పట్టుకుంటారు" అన్నాడు. వచ్చే అమావాస్య దాటిన శుక్రవారం దాకా గడువిచ్చాడు.

మూడు రోజులకు ఈలగాడు ఆపిల్ పండ్ల బుట్టతో మా గదికి వచ్చాడు.

"అవ్వా, మనం మనం ఒక్క దిక్కోళ్లం. ఈ కన్నడపోళ్ల ముందల మనకు కొట్లాటేంది?"

"మా దిక్కోనివైతె నీకు ఎద్దు సంగతి ఎర్కుండాలె. కుంటెద్దును పొడ్సి తోలినోని ఇంట్ల మేం మంచినీళ్లు గూడ ముట్టం."

"పాత దెబ్బ అని పిల్లతోని ఒక్క సంతకం వెట్టియ్యి. ఆపరేషన్ నేనే జేపిస్త. వచ్చే ఏడు మల్ల టీంలకు తీసుకుంట. లేదంటవా, ఇగ యాడ ఆడ్తదో నేను గూడ సూస్త."

"సూడు బిడ్డా. కండ్లున్నన్ని దినాలు సూడు."

రాసుకొచ్చిన కాగితం మంచం మీద పెట్టి పోయాడు. పండ్ల బుట్ట లిఫ్టు పక్కన పెట్టి వచ్చాను. ఎవరో తీసుకుపోయారు. వాళ్లకు అరగకూడదని కోరుకోలేదు, వాళ్లకేం తెలుసు.

కావేరి ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. "సంతకం వెడ్తనవ్వా" అంది.

"ఏందే?"

"నాకు ఆట గావాలె. నీకు వాని మీద పగ గావాలె. ఇరిగింది ఎవల కాలు?"

సంగప్పా, ఇన్నేండ్లలో నన్ను ఎవరూ అట్లా మాటతో కొట్టలేదు. పొయ్యి దగ్గరికి పోయి ఊరికే గిన్నెలు తోమాను, తోమినవే మళ్లీ తోమాను. నాకు పగ కావాలి, నిజమే. వాడి మెడలో ఈల ఊడిపడాలి. మళ్లీ ఏ ఊళ్లో, ఏ ఆడపిల్ల ముందూ వాడు దాన్ని నోట పెట్టకూడదు. ఇది నాకు అన్నం కంటే ఎక్కువైపోయింది. కానీ కాలు దానిది. పెట్టుకో అందామని నోటి దాకా వచ్చింది.

మరునాడు సాయంత్రం బూట్లు తెచ్చుకుంటానని కర్రల మీద ఆటస్థలానికి పోయింది. జట్టులో అందరికంటే చిన్నది, పోయిన నెలలోనే చేరిన పిల్ల, బెల్టు లేకుండా ఉరుకుతోందట. పిక్క చుట్టూ గట్టిగా పట్టీ ఉందట. "కాలెట్లుంది?" అని కావేరి అడిగితే, "బాగుందక్కా" అని పళ్లన్నీ కనబడేట్టు నవ్విందట. కావేరి బూట్లు తీసుకోకుండానే తిరిగొచ్చింది. గడప దగ్గరే నిలబడి, "అది గూడ నా లెక్కనే నవ్వుతుందవ్వా" అంది. కాగితం నా చేతిలో పెట్టి "పొయ్యిల వెట్టు" అంది. ఆ పూట మా గదిలోనే ఉన్న టీచరమ్మ అడ్డుపడి దాచింది. వాడి చేతిరాత ఉన్నది కదా, వాడి మెడకు అదొక తాడు.

ఇక మిగిలింది నువ్వు. కావేరి బండి మీద నుంచి పడ్డప్పుడు ఉబ్బింది కుడి కాలు. ఖేడ్ దవాఖానకు నువ్వూ నేనే ఎత్తుకుపోయాం. ఎముక విరగలేదు, ఉత్త వాపే అన్నారు. ఆ రోజు తీసిన ఎక్స్‌రే ఫిలిం నీ దగ్గరే ఉంది. సూర్యగ్రహణం చూస్తానని నా దగ్గర అడిగి పట్టుకుపోయి మళ్లీ ఇవ్వలేదు. నీ ఇనుప పెట్టెలో, పట్టా పాసు పుస్తకం కింద ఉంటుంది చూడు. దాని మూలకు కుడి కాలికో అక్షరం, ఎడమ కాలికో అక్షరం వేస్తారని రీనా చెప్పింది. పిల్ల పేరూ ఉంటుంది. దాన్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకో.

పోస్టులో పంపవద్దు. నువ్వే తేవాలి. ఫిలిం ఒక్కటే వస్తే చాలదు, నీ గొంతు అక్కడ ఉంది, నీ గొంతే దాన్ని తుడిచేయాలి. డిపోలో పొద్దున బస్సు ఎక్కితే సాయంత్రానికి హైదరాబాద్ నుంచి రైలు దొరుకుతుంది. శుక్రవారం ఆ బల్ల ముందు నిలబడి చెప్పాలి. "పడ్డది కుడి కాలు. తర్వాత ఎన్నడూ నొయ్యలేదు. నేను గొప్పకు వాగిన. నొప్పంటె చెప్పని ఇల్లని నేను మురిసిన" అని నీ నోటితో, నీ మాటలో చెప్పాలి. ఊళ్లో పెద్దమనిషినని, పంచాయితీలు చెప్పేవాణ్ని అని అక్కడ మీసం తిప్పవద్దు.

సిగ్గవుతుందని నాకు తెలుసు. నీ పరువు నేనే తీస్తున్నాను, కోడలితో చదివించి మరీ తీస్తున్నాను. కోపం వస్తే వచ్చాక నన్ను తిట్టు, పడతాను. నీ వెనక నేనూ నిలబడతాను. పనికాడ నొప్పి చెప్పవద్దని దీనికి నేర్పింది నేనే అని, తెలిసీ మూడు రోజులు ఆగానని, ఆ పిల్లలందరూ వింటుండగా చెబుతాను. వాళ్లను కూడా పిలవమని మేనేజర్‌ను అడిగాను, ఒప్పుకున్నాడు. ఇద్దరం ముసలివాళ్లం వాళ్ల ముందు తల దించాలి. వేరే దారి నాకు కనబడలేదు. మనం నిజం చెప్పి తల దించితే, ఆ చిన్నపిల్ల పట్టీ విప్పి కాలు చూపిస్తుంది. ఆ ఒక్క కాలు చాలు, వాడి మెడలో ఈల ఊడిపడటానికి.

వీరేశానికి, నా కోడలికి ఇప్పుడే ఏమీ చెప్పవద్దు, ఆపరేషన్ అయ్యాక చెబుదాం. మరదలికి నా దీవెన. శ్రీలత చదివి చదివి అలసిపోయి ఉంటుంది, దానికి ముందు నీళ్లివ్వండి. పిల్లల తలలు నిమిరినట్టు చెప్పు. వాడకట్టులో పెద్దలందరికీ దండాలు. నాకంటే పెద్దవాళ్లు మిగిలింది ముగ్గురే కాబట్టి ఇంటికి పోయి చెప్పు, మా కావేరి కాలు కోసం దేవుణ్ని తలుచుకోమను.

నువ్వు నడక రాని రోజుల్లో నిన్ను చంకనెత్తుకుని చేను గట్లన్నీ తిప్పిన అక్క, తన వేలిముద్ర వేసి అడుగుతోంది: బస్సెక్కు.

బస్వమ్మ